అసలు శ్రుతి ఏది? – పాతకాలపు వాద్యాలతో చేసిన రికార్డులను గూర్చి

మన సంఘం ఉగాది భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు: "డాక్టరుగారూ, ఈ దేశం వచ్చి పాతికేళ్ళు దాటింది. వీళ్ళ శాస్త్రీయ సంగీతంలో బాఖ్, మొజార్ట్, బేతోవెన్ పేర్లు దాటి నేను పోలేదు. దుకాణంలో చూస్తే కొన్ని డిస్కుల మీద 'అసలు వాద్యాలతో వాయించినది' అని వేస్తున్నారు. అంటే మిగిలినవన్నీ నకిలీవనా?"

అప్పటికి నవ్వి ఊరుకొన్నాము. ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే ఆ 'అసలు' అనే మాట మీదనే మా ఇంట్లో అంతకు ముందు ఒక చిన్న గొడవ జరిగి ఉన్నది.

మా అమ్మాయికి పదేళ్ళు. బడిలో వారానికొక రోజు పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకొంటుంది. ఆదివారం నాడు మన పద్ధతిలో సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటి గీతాలకు వచ్చింది. వాద్యం ఒక్కటే, శ్రుతులు రెండు. బడిలో నాలుగు తీగలకు కింది నుంచి పైకి జీ, డీ, ఏ, ఈ అని వరుస. ఆదివారం గురువుగారు ఆ తీగలనే స-ప-స-ప అని చేయిస్తారు. ఒక సోమవారం బిరడాలు మళ్ళీ తిప్పడం మరచిపోయి అలాగే బడికి పంపాము. పాఠం చెప్పే ఆవిడ తీగలు మీటి చూచి, "నీ వయొలిన్‌ను ఎవరో పాడుచేశారే" అన్నదట. ఆమె కోపంగా అనలేదు. మరచిపోయిన తప్పు మాదే. కాని తోటిపిల్లల ముందు ఆ మాట పడిన మా అమ్మాయి ఇంటికి వచ్చి, ఆదివారం పాఠం మానేస్తానని కూర్చున్నది. "అసలు శ్రుతి వాళ్ళది, మనం దాన్ని మార్చుకొన్నాం, అంతే కదా నాన్నా?" అన్నది. ఏమి చెప్పాలో మాకు తోచలేదు.

తోచినది కొన్ని వారాల తరువాత, ఆసుపత్రి దారిలో ఉన్న చారిటీ షాపులో ఒక పౌను పెట్టి కొన్న పాత డిస్కుల జత వల్ల. ఆ కథ చెప్పే ముందు, పెద్దాయన అడిగిన 'అసలు వాద్యాలు' అంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పాలి.

వయొలిన్ మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఒక్క తీరుగా లేదు. పాతకాలపు వయొలిన్‌కు గొర్రె పేగుతో చేసిన తీగలు ఉండేవి. పై తీగకు ఉక్కు వాడడం సాధారణమైనది 20వ శతాబ్దంలోనే. మెడ ఇప్పటి కంటే తక్కువ వంపుతో ఉండేది. లోపల కింది తీగల వైపు అంటించే చెక్కబద్ద సన్నగా, పొట్టిగా ఉండేది. గడ్డం ఆనించుకొనే పలక లేదు. దానిని లూయీ ష్పోర్ అనే జర్మన్ విద్వాంసుడు సుమారు 1820లో ప్రవేశపెట్టాడు. ఇప్పటి కమాను రూపం పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ చేతిలో 18వ శతాబ్దం చివర స్థిరపడింది. అంతకు ముందుది తేలికగా, పైకి విల్లులాగా వంగి ఉండేది. హాలులో వెనుక వరుసదాకా వినబడాలని వాద్యాలను బిగించుకొంటూ వచ్చారు. గట్టిదనం పెరిగింది, పేగు తీగకున్న గరుకుదనం, మాట పలికినట్లుండే స్పష్టత కొంత పోయింది.

పోయినదాన్ని తిరిగి వెతికే పని కూడా కొత్తది కాదు. ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆర్నల్డ్ డోల్మెచ్ పాత వాద్యాలను బాగుచేసి, కొత్తగా తయారుచేసి, 1925లో సర్రే జిల్లా హేజిల్‌మియర్‌లో వాటికోసమే ఒక ఉత్సవం మొదలుపెట్టాడు. వియన్నాలో నికోలస్ హార్నన్‌కూర్ 1953లో కాన్సెంటస్ మ్యూజికస్ అనే బృందాన్ని స్థాపించాడు. ఆ తరువాత వచ్చిన రికార్డుల వల్ల, గ్రంథాలయాలలో ధూళి పట్టిన వ్రాతప్రతులు ఎన్నో మన చెవిదాకా వచ్చాయి. పేరున్న కృతులను ఆధునిక వాద్యబృందాలు అప్పటికే వందసార్లు వాయించి ఉన్నాయి కాబట్టి, పాత వాద్యాలవారికి తెలియని కృతుల మీద సహజంగానే ఆసక్తి కలిగింది. ఈ రెండూ ఇలా కలిసి నడిచాయి.

ఇక మేము కొన్న డిస్కుల సంగతి. స్వరకర్త హైన్రిఖ్ ఇగ్నాజ్ ఫ్రాంజ్ ఫన్ బీబర్. 1644లో బొహీమియాలో పుట్టి 1704లో సాల్జ్‌బర్గ్‌లో పోయినవాడు. మన పాఠకులకు ఈయన మీద ఆపేక్ష కలిగించే సంగతి ఒకటి ఉన్నది. 1670లో ఈయన మొరావియాలో ఒక బిషప్పుగారి కొలువులో ఉండగా, అబ్సామ్ ఊరిలోని జాకబ్ ష్టైనర్ అనే వాద్య నిర్మాత దగ్గరకు వెళ్ళి వాద్యాల సంగతి చూచుకొని రమ్మని పంపారు. మనవాడు అక్కడికి పోలేదు, వెనక్కు రాలేదు. సెలవైనా అడగకుండా సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు కొలువులో చేరిపోయాడు. పాత యజమానికి కోపం వచ్చినది, అయినా ఈయన తరువాత కూడా అక్కడికి తన రచనలు పంపుతూనే ఉన్నాడు. అవి ఇప్పటికీ ఆ ఊరిలో, క్రొమెరీజ్‌లో, భద్రంగా ఉన్నాయి. కొలువు కోసం ఊరు దాటి, పాత ఊరికి ఏదో ఒకటి పంపుతూ ఉండే మనస్తత్వం మనకు కొత్త కాదు.

ఆయన వ్రాసిన జపమాల సొనాటాలు 15, చివర ఒంటరి వయొలిన్‌కు పాసకాల్యా ఒకటి. క్రైస్తవుల జపమాలలో ధ్యానించే 15 ఘట్టాలు, అనగా ఐదు ఆనందానివి, ఐదు దుఃఖానివి, ఐదు మహిమవి, వాటికి ఒక్కొక్క సొనాటా. వ్రాతప్రతి మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నది. ముఖపత్రం పోయింది కాబట్టి స్వరకర్త దీనికి ఏ పేరు పెట్టాడో తెలియదు. ప్రతి సొనాటాకు ముందు ఆ ఘట్టం బొమ్మ ఒకటి అచ్చువేసి అంటించి ఉన్నది. అచ్చులోకి 1905లో గాని రాలేదు.

ఇందులో విశేషం శ్రుతి. మొదటి సొనాటా, చివరి పాసకాల్యా తప్ప మిగిలిన 14 సొనాటాలలో వేటికీ వయొలిన్ మామూలు శ్రుతిలో ఉండదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క శ్రుతి. స్వరలిపి మాత్రం మామూలు వయొలిన్‌కు వ్రాసినట్లే ఉంటుంది. వాయించేవారు వేళ్ళు ఆ ప్రకారం పెడితే, పలికేది వేరే స్వరం. చూచేది ఒకటి, వినేది ఒకటి అన్నమాట. పదకొండవ సొనాటా పునరుత్థానం. అందులో మధ్య రెండు తీగలను ఒకదాని చోట ఒకటి వచ్చేటట్లు దాటించి కట్టాలి. వాద్యం రెండు కొసల దగ్గర తీగలు శిలువ ఆకారంలో పడతాయి. తోటలో వేదన పడే ఘట్టం ఆరవది. అక్కడ కింది రెండు తీగలను అర స్వరం పైకి బిగించి, పై రెండింటిని ఒక స్వరం కిందికి వదలాలి. ఒకవైపు బిగువు, ఒకవైపు సడలింపు. వాద్యం గొంతు పూడిపోయినట్లు పలుకుతుంది.

డిస్కుతో వచ్చే చిన్న పుస్తకంలో ఈ శ్రుతులన్నీ పట్టికగా వేసి ఉన్నాయి. భోజనాల బల్ల దగ్గర ఆ పట్టిక చదువుతున్నాము. మర్యమ్మ తన బంధువును చూడవచ్చిన ఘట్టం రెండవ సొనాటా. దానికి కింది రెండు తీగలను ఒక్కొక్క స్వరం పైకి బిగిస్తే ఏ, ఈ, ఏ, ఈ అవుతుంది. మేము ఆ నాలుగు అక్షరాలు పైకి చదివామో లేదో, మా అమ్మాయి అన్నది: "అది ఆదివారం శ్రుతే కదా!"

నిజమే. ఏ నుంచి ఈ పంచమం, ఈ నుంచి పై ఏ, మళ్ళీ పంచమం. స-ప-స-ప. మా గురువుగారు పెట్టే ఆధార శ్రుతి వేరు, తీగల మధ్య దూరాలు మాత్రం అక్షరాలా అవే. వయొలిన్ మన దక్షిణాదికి సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం పరదేశిగా వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన పాటకు అలవరచినవారిలో మొదటివాడని చెబుతారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కాలానికి అది మన వాద్యమే అయిపోయింది. మనవాళ్ళు పాటకు తగినట్లు శ్రుతి మార్చుకొన్నారు. బీబర్ కూడా పాటకు తగినట్లే మార్చుకొన్నాడు, అదీ అంతకు నూరేళ్ళకు పైగా ముందు. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొన్నది కాదు. జవాబు కోసం తడుముకొన్న మాకు అది చాలినంత జవాబు: వయొలిన్‌కు పుట్టుకతో వచ్చిన శ్రుతి ఒక్కటే అనుకోవడం ఈనాటి అలవాటు.

ఇంతవరకు కృతి గొప్ప. ఏ రికార్డు కొనాలన్నది వేరే ప్రశ్న. మేము ఒకటితో ఆగక, గ్రంథాలయంలో తెచ్చుకొన్నవి, స్నేహితులు ఇచ్చినవి కలిపి ఐదు విన్నాము. ఐదూ పాత వాద్యాల బాటలోనివే. అయినా ఒకదానికొకటి పోలిక లేదు.

ఎడ్వర్డ్ మెల్కుస్ 1967లో చేసినది ఈ కృతిని చాలామందికి పరిచయం చేసిన రికార్డు. తోడు వాద్యాలు రంగురంగులుగా ఉంటాయి. వయొలిన్ తీయగా పలుకుతుంది. ఆరవ సొనాటాలో కూడా తీయగానే పలుకుతుంది, అదే మా ఫిర్యాదు. 1990 నాటి రైన్‌హార్డ్ గోబెల్, మ్యూజికా ఆంటికా కోల్న్ బృందం రికార్డు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేగం, పదును, కొన్నిచోట్ల కరకుదనం. ఆరోహణ ఘట్టమైన పన్నెండవ సొనాటాలో బీబర్ ఒక్క వయొలిన్ చేత తుతారాలు ఊదించాలని చూశాడు. అక్కడ గోబెల్‌ను మించినవారు మాకు కనబడలేదు. కాని రెండవ సొనాటాలో చుట్టపుచూపుగా వచ్చినవారు కూర్చోకుండానే లేచిపోయినట్లుంటుంది. ఇంచుమించు అదే కాలంలో జాన్ హాలోవే చేసిన రికార్డుకు డావిట్ మొరోనీ, ట్రాజికోమీడియా బృందం తోడు. నెమ్మది, నిండుదనం దాని గుణాలు. దుఃఖ ఘట్టాలకు మేము దీనినే ఎక్కువగా వింటాము.

ఆండ్రూ మాంజ్ 2004లో రిచర్డ్ ఎగార్‌తో చేసినది వేరే దారి. తోడుగా ప్రధానంగా ఆర్గను, హార్ప్సికార్డు మాత్రమే. మొదట విన్నప్పుడు ఇల్లు బోసిపోయినట్లు అనిపించింది. మూడవసారి తెలిసింది. తోడు పలుచగా ఉన్నందువల్ల, మీటని తీగలు కూడా వయొలిన్ బొజ్జలో మోగడం వినబడుతుంది. ఏ, ఈ, ఏ, ఈ అని శ్రుతి చేసినప్పుడు ఒక తీగ మీద కమాను పడితే మిగతావి తమంతట తామే పలుకుతాయి. తంబురా ముందు కూర్చొన్నవారికి ఈ అనుభవం చెప్పనక్కరలేదు. బీబర్ ఇంత కష్టపడి శ్రుతులు మార్చినది ఆ మ్రోత కోసమే అయితే, దానిని కప్పివేసే రికార్డు ఎంత అందంగా ఉన్నా అసలు సంగతిని దాచినట్లే. రేచల్ పాడ్జర్ 2015లో చేసినది ఈ రెండు గుణాల మధ్య నిలుస్తుంది. తోడు వాద్యాలు ఉన్నాయి గాని మితంగా ఉన్నాయి. వయొలిన్‌లో వెలుగు ఉన్నది. పాసకాల్యాలో నాలుగు స్వరాలు దిగుతూ 65 సార్లు తిరిగి తిరిగి వస్తాయి. ఆమె చేతిలో ఆ అరవై అయిదూ లెక్కపెట్టాలనిపించదు.

కొత్తగా వినేవారు పాడ్జర్‌తో మొదలుపెట్టవచ్చు. ఒక్కటే కొని ఏళ్ళ తరబడి ఉంచుకొనేవారికి మా సలహా మాంజ్.

ఐదింటి మీదా 'పాత వాద్యాలు' అన్న ముద్ర ఉండవచ్చు. ఐదూ ఐదు సంగతులు చెప్పినప్పుడు ఆ ముద్ర మనకు ఎంచి పెట్టినది ఏమీ లేదు. అమెరికా సంగీత శాస్త్రజ్ఞుడు రిచర్డ్ టారుస్కిన్ ఈ మాటే ఘాటుగా అన్నాడు. 1995లో పుస్తకంగా వచ్చిన ఆయన వ్యాసాల సారాంశం ఇది: పాతకాలాన్ని తిరిగి తెచ్చామనేవారు తెచ్చినది నిజానికి 20వ శతాబ్దపు అభిరుచినే. మేము ఆయనతో సగం ఏకీభవిస్తాము. 1676 ప్రాంతపు సాల్జ్‌బర్గ్‌ను ఎవరూ తేలేరు. కాని పేగు తీగ, తేలిక కమాను, వ్రాతప్రతిలోని శ్రుతి అనే సాక్ష్యాలను దగ్గర పెట్టుకొని ఊహించడానికీ, ఏ సాక్ష్యమూ చూడకుండా ఊహించడానికీ తేడా ఉన్నది. రోగి చెప్పినది విని చేసే నిర్ణయం కూడా తప్పు కావచ్చు. అంతమాత్రాన వినకుండా నిర్ణయించేవారిని మెచ్చుకోము.

ముద్రకు ఎదురుసాక్ష్యం కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. యాన్ డిస్మస్ జెలెంకా (1679–1745) డ్రెస్డెన్ దర్బారులో పనిచేసిన బొహీమియావాడు. ఓబోలకు, బాసూన్‌కు ఆయన వ్రాసిన ఆరు ట్రయో సొనాటాలు ఈనాడు సంగీత ప్రియులకు తెలియడానికి ముఖ్య కారణం 1970ల మొదట్లో హైంజ్ హోలిగర్, మోరిస్ బూర్గ్, క్లాస్ టూన్‌మన్ చేసిన రికార్డు. వారు వాయించినవి ఆధునిక వాద్యాలు! పాత ఓబోలతో 1990లలో ఇటలీ బృందం జెఫీరో చేసిన రికార్డు ఎంతో బాగున్నది. కాని మరుగున పడినవాడిని ముందు చేయిపట్టి లేపినవారు వేరు. మేము రెండూ ఉంచుకొన్నాము.

ఇక వాద్యం లేకపోతే కృతే లేదనదగిన సందర్భం ఒకటున్నది. హైడన్ తన యజమాని నికోలస్ ఎస్టర్‌హాజీ రాజు ముచ్చట కోసం బారిటన్ అనే వాద్యానికి 120కి పైగా ట్రయోలు వ్రాశాడు. కమానుతో వాయించే తీగలు ముందు, మెడ వెనుక మరికొన్ని లోహపు తీగలు. వెనుకవి వాటంతట అవి మోగుతాయి, ఎడమచేతి బొటనవేలితో మీటడానికీ వీలున్నది. సారంగీ తెలిసినవారికి ఆ మ్రోత చుట్టమే. బారిటన్ బదులు వేరే వాద్యంతో వాయిస్తే ఆ మీటు, ఆ మ్రోత పోతాయి. దీన్ని వివరించిన ఉత్సాహంలోనే మా తెలివితక్కువ కూడా ఒప్పుకొంటాము. ఎస్టర్‌హాజీ ఎన్‌సెంబుల్ ఈ ట్రయోలన్నీ 21 డిస్కులలో వాయించింది. చవకగా దొరికిందని పెట్టె మొత్తం కొన్నాము. విన్నవి నాలుగు డిస్కులు. వాయించినవారి దోషం ఏమీ లేదు. రాజుగారు రోజుకొకటి చొప్పున విన్నదాన్ని మేము వారాంతంలో ముగించాలని చూశాము.

ఈ అనుభవాల వల్ల మేము పెట్టుకొన్న పద్ధతి ఇది. ముందు స్వరకర్తను కాక ఒక దారిని పట్టుకోవాలి. బాఖ్ వయొలిన్ ఇష్టమైతే ఆయనకు ముందు ఒంటరి వయొలిన్‌కు ఎవరు వ్రాశారని అడిగితే బీబర్ దగ్గరకు చేరతాము. తరువాత ఒక ఘట్టాన్ని మాత్రమే రెండు రికార్డులలో, ఒకే సాయంత్రం, ఒకే గట్టిదనంతో వినాలి. ఇప్పుడు ఫోనులో నెలకింత చందా కట్టి ఎన్నో రికార్డులు వినవచ్చు కాబట్టి కొనకముందే ఈ పని చేసుకోవచ్చు. అయితే ఫోనులో చాలాసార్లు ఆ చిన్న పుస్తకం రాదు. మాకు శ్రుతుల పట్టిక కనబడినది అందులోనే గనుక, కృతి నచ్చితే డిస్కు కొనడమే మంచిదని మా అభిప్రాయం. 'ప్రపంచంలో మొట్టమొదటి రికార్డు' అన్న ముద్ర చూచి తొందరపడవద్దు. మొదటిది కావడం ఒక సంగతి, బాగుండడం ఒక సంగతి. రేడియో 3లో ఒక కృతి రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చే శీర్షిక దశాబ్దాలుగా వస్తున్నది. అది వినండి, కాని చివర వారు ప్రకటించే తీర్పు కంటే మధ్యలో వినిపించే తునకలు మనకు ఎక్కువ ఉపయోగం.

పెద్దాయనకు మా జవాబు ఇది: మిగిలినవి నకిలీవి కావు, 'అసలు' అన్నవన్నీ అసలువీ కావు. కృతి దేనికోసం పుట్టిందో అది వినబడేటట్లు చేసిన రికార్డును తీసికోండి. పాత వాద్యాలతో అది ఎక్కువసార్లు వినబడుతుంది, ఎల్లప్పుడూ కాదు.

మా అమ్మాయి ఆదివారం పాఠం మానలేదు. అది బీబర్ వల్లనేనని మేము చెప్పలేము. వాయిదాల మీద రెండవ వయొలిన్ కొనిపెట్టాము, అదీ ఒక కారణం కావచ్చు. కాని ఆ పట్టికను అది తన చేత్తో ఎత్తి వ్రాసి, బడిలో పాఠం చెప్పే ఆవిడకు చూపించింది. ఆవిడ శ్రద్ధగా చదివి, డిస్కు ఒక వారం ఇవ్వమని అడిగిందట. ఇచ్చాము. తిరిగి రాగానే సభ్యులలో ఎవరు ముందు అడిగితే వారికి ఇస్తాము. పుస్తకంతో సహా తిరిగి ఇవ్వాలన్నదే మా షరతు.